కొత్తవాళ్లతో గోల్ఫ్: ఆలస్యం ఎక్కడ మొదలవుతుంది?

మొన్న డిసెంబర్‌లో ఒక ఆదివారం పొద్దున, బెంగళూరు అంచున ఉన్న ఒక గోల్ఫ్ కోర్సులో మేం ఏడో హోల్ ఆడుతున్నాం. ఆట వేగం చూసుకునే క్లబ్బు మనిషి, మార్షల్, బగ్గీ వేసుకుని మా దగ్గరికొచ్చి ఆగాడు. "సార్, మీ ముందు ఒక హోల్ మొత్తం ఖాళీగా ఉంది. వెనక రెండు గ్రూపులు ఆగి ఉన్నాయి" అన్నాడు. కోపంగా కాదు, మర్యాదగానే. కానీ ఆ మాట వినగానే మేం ముగ్గురం ఒకేసారి తల తిప్పి నాలుగో మనిషి వైపు చూశాం. ఆ నాలుగో మనిషి మా బావమరిది. వాడు కోర్సులోకి రావడం అది రెండోసారి. చేతిలో సెవెన్ ఐరన్ క్లబ్ (బంతి కొట్టే కర్ర), మొహం నిండా చెమట.

"నా వల్లే కదా బావా? నేను ఇక్కడితో ఆపేస్తాలే. ఊరికే మీతో నడుస్తా" అన్నాడు.

వాడి బ్యాగు మోస్తున్న క్యాడీ కోలారు వైపు మనిషి, తెలుగు బాగా మాట్లాడతాడు. మార్షల్ అటు వెళ్లాక నా పక్కకొచ్చి మెల్లిగా అన్నాడు: "ఆ సార్ లేటు కాదు సార్. ఆయన కొట్టేటప్పుడు మీరు ముగ్గురూ ఆయన పక్కనే నిలుచుకోనుంటారు. మీ బాలు కాడికి మీరు పోరు. ఆయనది అయినాక అందరూ కలిసి పోతారు. అట్లయితే ఎట్ల సార్?"

నాకు కొంచెం చురుక్కుమంది. నిజమో కాదో చూద్దామని తర్వాతి హోల్‌లో ఫోన్‌లో స్టాప్‌వాచ్ పెట్టాను. తన వంతు వచ్చాక మా వాడు ఒక్కో షాట్‌కి తీసుకున్నది పదిహేను, ఇరవై సెకన్లు. బంతి దగ్గరికి వెళ్లడం, నిలబడటం, కొట్టడం, అంతే. మార్షల్ వచ్చిన భయంతో ప్రాక్టీస్ స్వింగ్ కూడా మానేశాడు పాపం. నా వంతు వచ్చింది. రేంజ్ ఫైండర్‌తో దూరం చూశాను, గ్లవ్ బిగించాను, క్లబ్ మార్చాను, గాలి ఎటు వీస్తోందో తెలుసుకోవడానికి నాలుగు గడ్డిపోచలు పీకి ఎగరేశాను, రెండు ప్రాక్టీస్ స్వింగ్‌లు చేశాను. యాభై రెండు సెకన్లు. గ్రీన్ (గుంత చుట్టూ ఉండే నున్నటి పచ్చిక) మీద నాలుగడుగుల పట్‌ను, అంటే బంతిని గుంతలోకి దొర్లించే షాట్‌ను, ఇటు నుంచి, అటు నుంచి కూర్చుని చూడటానికి నిమిషం దాటింది. ఆ పట్ కూడా పోయింది.

అప్పటి నుంచి ఈ విషయం నన్ను వదల్లేదు. కొత్తవాళ్లు కలిస్తే ఆట నెమ్మదిస్తుందని మనందరి నమ్మకం. అందులో నిజం కొంతే. మిగతాదంతా పాతవాళ్ల దగ్గర ఉంది.

గోల్ఫ్ తెలియనివాళ్ల కోసం రెండు ముక్కలు. మొత్తం 18 హోల్స్. ప్రతి హోల్‌లో టీ అనే మొదలుపెట్టే చోటు నుంచి కొట్టి, ఫెయిర్‌వే అనే కత్తిరించిన పచ్చిక దారి మీదుగా గ్రీన్ చేరి, బంతిని గుంతలో వేయాలి. బాగా ఆడేవాడికి ఎన్ని షాట్లు పట్టాలన్న లెక్కే పార్: 3, 4 లేదా 5. మామూలుగా నలుగురు కలిసి ఆడతారు. మన క్లబ్బుల్లో ఆ నలుగురినీ కలిపి ఫోర్‌బాల్ అంటారు. ఎనిమిది, పది నిమిషాలకు ఒకటి చొప్పున ఈ ఫోర్‌బాల్స్ బయల్దేరతాయి. దారి ఒక్కటే. పక్క నుంచి ఓవర్‌టేక్ చేసే లేన్ లేదు. క్రికెట్‌లో ఓవర్ రేటు తగ్గితే ఆ రెండు జట్లకే ఇబ్బంది. ఇక్కడ మనం ఆగితే ముక్కూమొహం తెలియని నలభై మంది ఆదివారం పాడవుతుంది.

బెంగళూరులో ఈ ఆట కొత్తది కాదు. నగరం నడిబొడ్డున ఉన్న బెంగళూర్ గోల్ఫ్ క్లబ్ 1876 నాటిది. దొమ్మలూరు దగ్గర కర్ణాటక గోల్ఫ్ అసోసియేషన్ కోర్సు ఉంది. దాని పక్కనున్న టెక్ పార్కు పేరులోనే గోల్ఫ్ లింక్స్ ఉంది. ఆ అద్దాల కిటికీల్లోంచి కింద పచ్చిక చూస్తూ ఏళ్ల తరబడి కోడ్ రాసిన మనవాళ్లు ఎంతమందో. 2021 ఆగస్టులో ఈ ఊరి అమ్మాయి అదితి అశోక్ టోక్యో ఒలింపిక్స్‌లో పతకానికి ఒక్క మెట్టు దూరంలో, నాలుగో స్థానంలో నిలిచినప్పుడు గోల్ఫ్ అంటే ఏమిటో తెలియనివాళ్లు కూడా తెల్లవారుజామునే లేచి టీవీ పెట్టారు. ఆ టోర్నీలో ఆమె బ్యాగు మోసింది వాళ్లమ్మ. ఆ తర్వాత నా ఆఫీసులోనే నాకు తెలిసి ఐదారుగురు డ్రైవింగ్ రేంజ్‌కి, అంటే షాట్లు సాధన చేసే మైదానానికి, వెళ్లడం మొదలుపెట్టారు. వాళ్లంతా ఏదో ఒక రోజు కోర్సులోకి వస్తారు, ఎవరో ఒకరి ఫోర్‌బాల్‌లో కలుస్తారు. గొడవ అక్కడే మొదలవుతుంది.

షాట్లు ఎన్ని కాదు, మధ్యలో ఎంత

కొత్తవాడు ఎక్కువ షాట్లు కొడతాడు కాబట్టి ఎక్కువ టైమ్ తింటాడు. వినడానికి సబబుగానే ఉంది. లెక్క వేద్దాం. మనం 90 కొడితే అతను 125 కొట్టాడనుకోండి. అదనంగా 35 షాట్లు. ఒక్కోదానికి అర నిమిషం వేసుకున్నా మొత్తం పదిహేడున్నర నిమిషాలు. నాలుగు గంటల ఆటలో అది పెద్ద మొత్తమేమీ కాదు.

ఇప్పుడు రెండో వైపు చూడండి. నలుగురు తలా 90 కొడితే 360 షాట్లు. ప్రతి షాట్‌కీ పది సెకన్లు వృథా అయితే 3,600 సెకన్లు, అంటే సరిగ్గా గంట. పది సెకన్లంటే గ్లవ్ తీసి మళ్లీ వేసుకునేంత సేపు. "ఎవరిది దూరం, నీదా నాదా" అని ఒకరి మొహం ఒకరు చూసుకునేంత సేపు. వాట్సాప్‌లో ఒక్క మెసేజ్ చూసేంత సేపు. ఆ గంటను ఎవరో ఒకరు దొంగిలించరు. నలుగురూ చిల్లరగా పారేసుకుంటారు. అందుకే ఎవరికీ తాము తప్పు చేశామనిపించదు, లెక్క మాత్రం కొత్తవాడి ఖాతాలో పడుతుంది.

2019లో గోల్ఫ్ నిబంధనలను పెద్దఎత్తున మార్చారు. అందులో ఒక సిఫార్సు ఉంది: అడ్డేమీ లేకుండా ఆడే వీలు వచ్చాక షాట్‌కి 40 సెకన్లు మించకూడదు, మామూలుగా అంతకంటే తొందరగానే ఆడాలి. మనవాళ్లు చాలామంది మొదటి సగమే గుర్తుపెట్టుకుని నలభై సెకన్లు తమ హక్కు అనుకుంటారు. 360 షాట్లకు 40 సెకన్ల చొప్పున వేస్తే నాలుగు గంటలు ఒట్టి కొట్టడానికే సరిపోతాయి. నడకకు ఇంకో రెండు గంటలు వేసుకోండి. ఆరు గంటల గోల్ఫ్! ఇంటికెళ్లాక మర్యాద దక్కదు.

మరి చాలామంది నాలుగు, నాలుగుంపావు గంటల్లో ఎలా ముగిస్తున్నారు? పనులు ఒకదాని మీద ఒకటి పడేలా చూసుకుంటారు కాబట్టి. పెళ్లి భోజనాల్లో వడ్డన గుర్తు తెచ్చుకోండి. పప్పు గరిటె పట్టుకున్నవాడు వరస ఆ చివరికి చేరేదాకా కూర గిన్నెవాడు గుమ్మంలో నిలబడితే ఆ బంతి ఎప్పటికి లేస్తుంది? పప్పువాడు మూడో విస్తరి దాటగానే కూరవాడు దిగిపోతాడు. గోల్ఫ్‌లోనూ అంతే. ఒకరు కొడుతుండగా రెండోవాడు తన బంతి దగ్గర క్లబ్ ఎంచుకుని, దూరం చూసుకుని, గ్లవ్ వేసుకుని ఉండాలి. తన వంతు రాగానే ఇరవై సెకన్లలో అయిపోతుంది. దీన్నే రెడీ గోల్ఫ్ అంటున్నారు. ఎవరు సిద్ధంగా ఉంటే, కొట్టడం క్షేమమైతే, వాళ్లు కొట్టేయడం.

మా క్యాడీ చెప్పింది సరిగ్గా ఈ కిటుకే. కొత్తవాడు గుంపులో ఉన్నాడంటే మిగతా ముగ్గురూ జాలితోనో, మర్యాదకో, సలహా ఇవ్వాలన్న దురదతోనో వాడి చుట్టూ చేరతారు. ఒక మనిషి షాట్‌కి నలుగురి టైమ్ ఖర్చు. వాడు కొట్టాక ఊరేగింపులా నలుగురూ కలిసి రెండో బంతి దగ్గరికి, అక్కడి నుంచి మూడో బంతి దగ్గరికి. కొత్తవాడి 35 షాట్లు ఆటను పాడుచేయవు. ఆ షాట్లు చూస్తూ మిగతావాళ్లు తమ ఆట ఆపేయడం పాడుచేస్తుంది.

నెమ్మది అనేది ఆట రాకపోవడం వల్లే వచ్చేదైతే ప్రొఫెషనల్స్ రెక్కలు కట్టుకుని ఆడాలి కదా. 2018 ఫార్మర్స్ ఇన్సూరెన్స్ ఓపెన్ చివరి హోల్‌లో జె.బి. హోమ్స్ ఒక్క షాట్‌కి నాలుగు నిమిషాలకు పైగా తీసుకున్నాడు. అంతా ఆలోచించి చివరికి గ్రీన్‌కి కొట్టకుండా ముందే ఆపాడు. అంతకు ఐదేళ్ల ముందు, 2013 మాస్టర్స్ టోర్నీలో, నెమ్మదిగా ఆడినందుకు ఒక షాట్ శిక్ష పడింది మాత్రం పద్నాలుగేళ్ల చైనా కుర్రాడు గువాన్ తియన్‌లాంగ్‌కి. చిన్నవాడి మీద నియమం చటుక్కున పడుతుందని అప్పట్లో చాలామంది గొణుక్కున్నారు. మా ఏడో హోల్ దగ్గర జరిగిందీ అదే.

పార్ 3 దగ్గర హెబ్బాళ

ఇంకో ఆలస్యం ఉంది. అది ఎవరి తప్పూ కాదు.

పార్ 4, పార్ 5 హోల్స్‌లో ఒక గుంపు గ్రీన్ మీద ఉండగానే ఇంకో గుంపు టీ నుంచి కొట్టొచ్చు. రోడ్డు పొడవుగా ఉంటుంది, రెండు బళ్లు పడతాయి. పార్ 3లో అలా కుదరదు. టీ నుంచి కొట్టే మొదటి షాటే గ్రీన్ మీదికి వెళ్తుంది కాబట్టి, ముందువాళ్లు గ్రీన్ ఖాళీ చేసేదాకా వెనకవాళ్లు ఆగాల్సిందే. సాయంత్రం బెంగళూరులో హెబ్బాళ ఫ్లైఓవర్ ఎక్కేచోట లేన్లన్నీ కుంచించుకుపోయినట్టు.

ఒక ఫోర్‌బాల్ పార్ 3 ముగించడానికి పది నిమిషాలు పడుతుందనుకుందాం. క్లబ్బువాళ్లు గుంపులను ఎనిమిది నిమిషాలకొకటి చొప్పున వదిలారు. ప్రతి గుంపూ ముందుదాని కంటే రెండు నిమిషాలు ఎక్కువ ఆగుతుంది. పదో గుంపు ఆ టీ దగ్గర నిలబడేది పద్దెనిమిది నిమిషాలు. ఆ గుంపులో అందరూ సింగిల్ హ్యాండికాప్ ఆటగాళ్లే, అంటే చాలా బాగా ఆడేవాళ్లే, అయినా అంతే. ఇది టీ టైమ్‌లు (ఆట మొదలుపెట్టే సమయాలు) అమ్మే టేబుల్ దగ్గర పుట్టిన ఆలస్యం. ఆదివారం పొద్దున ఎక్కువమందికి చోటివ్వాలన్న ఆశ. పార్ 3 టీ దగ్గర మూడు గుంపులు పోగై ఉంటే మీ గుంపులోని కొత్తవాడిని చూసి నిట్టూర్చకండి.

దీనికి ఒక పాత ఉపాయం ఉంది, మన దగ్గర తక్కువగా వాడుతున్నారు. మీరు నలుగురూ గ్రీన్ దాకా చేరాక, పట్ చేసే ముందు పక్కకు జరిగి, వెనకవాళ్లకు చేయి ఊపి కొట్టమనండి. వాళ్లు నలుగురూ కొట్టి నడుచుకుంటూ వచ్చే లోపల మీరు పట్ ముగించి వెళ్లిపోతారు. వాళ్ల నడక టైమ్ మీ పటింగ్ టైమ్‌లో కలిసిపోతుంది.

రూల్ వేరు, మర్యాద వేరు, అలవాటు వేరు

కొత్తవాళ్లను బెదరగొట్టేది ఈ మూడూ కలిపి ఒకే గొంతుతో చెప్పడం. "అలా చేయకూడదు" అంటాం. ఎందుకు చేయకూడదో, చేస్తే ఏమవుతుందో మనకే సరిగా తెలియదు.

దూరంగా ఉన్నవాడే ముందు ఆడాలన్నది చూద్దాం. ఇద్దరు ఎదురెదురుగా ఆడే మ్యాచ్ ప్లేలో వరస తప్పితే అవతలివాడు ఆ షాట్‌ను రద్దు చేసి మళ్లీ ఆడమనొచ్చు. మొత్తం షాట్లు లెక్కపెట్టే స్ట్రోక్ ప్లేలో అయితే ముందు వెనకా ఆడినా శిక్ష లేదు, ఒకరికి లాభం చేకూర్చాలని కూడబలుక్కుంటే తప్ప. రెడీ గోల్ఫ్ ఆడమని నిబంధనలే ప్రోత్సహిస్తున్నాయి. అయినా ఆదివారం సరదా ఆటలో "మీరే ముందు సార్", "అయ్యో లేదు, మీరే" అని పదహారు సెకన్లు పోగొట్టుకోవడం మన ప్రత్యేకత.

జెండా కర్ర సంగతీ అంతే. 2019కి ముందు గ్రీన్ మీద నుంచి కొట్టిన బంతి గుంతలోని కర్రకు తగిలితే రెండు షాట్ల శిక్ష. ఇప్పుడు లేదు. కర్ర ఉంచేసి పట్ చేయొచ్చు. కొత్తవాళ్లు ఉన్నప్పుడు ఉంచేయడమే మంచిది. ఒకరికి తీయమని, ఇంకొకరికి పెట్టమని, దాన్ని పడుకోబెట్టి మళ్లీ వెతుక్కునే తతంగమంతా తప్పుతుంది. పోయిన బంతిని వెతికే సమయం కూడా అప్పుడే ఐదు నిమిషాల నుంచి మూడుకు తగ్గింది. మన కోర్సుల్లో ఇంకా ఐదే నడుస్తోంది. ఒక్కోసారి ఏడు.

బంతి పోయిందన్న అనుమానం ఉంటే టీ దగ్గరే ఇంకోటి కొట్టి పెట్టుకోవచ్చు. దాన్ని ప్రొవిజనల్ అంటారు. ఇక్కడ ఒక మెలిక ఉంది: కొట్టే ముందు అది ప్రొవిజనల్ అని స్పష్టంగా చెప్పాలి. "ఇంకోటి కొడతా" అని గొణిగి కొట్టేస్తే మొదటి బంతి చచ్చినట్టే, దొరికినా పనికిరాదు. ఇది రూల్. కొత్తవాడితో సరదాగా ఆడుతున్నప్పుడు నేను దీని జోలికే పోను. బంతి పోయిందా, రెండు షాట్లు కలుపుకుని పోయినచోటికి దగ్గర్లో ఫెయిర్‌వే అంచున ఒకటి వేసుకో అంటాను. క్లబ్బులు కావాలంటే పెట్టుకునే లోకల్ రూల్ ఇలాంటిదే ఒకటి 2019 నుంచి ఉంది కూడా. వెనక్కి టీ దాకా నడిచే ఆ నాలుగు నిమిషాలు మిగులుతాయి.

ఇక సలహాలు. ఇది మర్యాద విషయమే అనుకుంటారు చాలామంది, కాదు. పోటీలో తన భాగస్వామి కాని ఆటగాడికి ఏ క్లబ్ వాడాలో, ఎలా కొట్టాలో చెబితే స్ట్రోక్ ప్లేలో రెండు షాట్ల శిక్ష, చెప్పినవాడికే. ఇక్కడి నుంచి గ్రీన్‌కి ఎంత దూరం, రూల్ ఏమిటి అన్నవి చెప్పొచ్చు. సరదా ఆటలో శిక్ష ఉండదు కానీ నష్టం ఉంటుంది. మా బావమరిదికి ఆ రోజు మొదటి ఆరు హోల్స్‌లో అందిన సలహాలు: తల ఎత్తకు, మోచేయి వంచకు, నడుము తిప్పు, నడుము తిప్పకు, గ్రిప్ వదులు చెయ్యి, గట్టిగా పట్టుకో. చివరి రెండూ నేనే చెప్పానట. కోడలికి బుద్ధి చెప్పి అత్త తెడ్డి నాకిందని ఊరికే అనలేదు. తలలో ఆరు మాటలు పెట్టుకుని బంతి మీద నిలబడినవాడు కొట్టడు, రాయిలా బిగుసుకుపోతాడు. స్వింగ్ నేర్పేది రేంజ్‌లో, కోచ్. కోర్సులో మనం చేయగలిగింది వాడు ఎక్కడ నిలబడాలో, ఎప్పుడు నడవాలో చెప్పడం.

మొదటి టీ దగ్గర రెండు నిమిషాలు

ఇప్పుడు నేను కొత్తవాళ్లతో ఆడేటప్పుడు మొదటి టీ దగ్గరే కొన్ని మాటలు చెప్పేస్తాను, తర్వాత నోరు మూసుకుంటాను. అదే పెద్ద కష్టం.

ముందు చెప్పేది ప్రాణం సంగతి. కొట్టేవాడికి ముందు ఎవరూ ఉండకూడదు. పక్కనైనా సరే, వాడి బంతి గీతకు వెనకే నిలబడాలి. కొత్తవాడి బంతి ఎటు పోతుందో వాడికే తెలియదు. బంతి మనుషుల వైపు వెళ్తే "ఫోర్" అని గొంతు చించుకుని అరవాలి. మనవాళ్లకు అలా అరవడం సిగ్గు. పక్క ఫెయిర్‌వేలో ఎవరో పెద్దాయన తల పగిలాక "సారీ అంకుల్" అంటే ఏం లాభం?

తర్వాత జేబుల సంగతి. రెండు బంతులు, నాలుగు టీలు (బంతిని నిలబెట్టే చిన్న పుల్లలు), గ్రీన్ మీద బంతి చోటు గుర్తుపెట్టే ఒక మార్కర్ జేబులో ఉండాల్సిందే. మొదటి బంతి చెట్లలోకి పోయాక బ్యాగు ఎక్కడుందో చూసి, జిప్పు తీసి, తడిమి, కొత్త బంతి కవరు చించే దృశ్యం ఎప్పుడైనా చూశారా? నిమిషంన్నర. బంతి దగ్గరికి వెళ్లేటప్పుడు ఒక్క క్లబ్ కాదు, రెండు మూడు పట్టుకెళ్లాలి. వరసగా మూడు షాట్లు ఇరవై గజాల చొప్పున కదిలే రోజులు కదా అవి. ప్రతిసారీ క్యాడీని పిలవనక్కర్లేదు.

టీ కూడా ముందుది. 150 గజాలు కొట్టేవాడిని వెనక టీ నుంచి ఆడించడం ఎల్‌కేజీ పిల్లాడికి ఎంసెట్ పేపరివ్వడం లాంటిది. మగవాళ్లకు ముందు టీ నుంచి ఆడటం నామోషీ. "అది లేడీస్ టీ కదా" అంటారు. అది ఆడవాళ్ల టీ కాదు, తక్కువ దూరం కొట్టేవాళ్ల టీ. ఈ ఊళ్లో రేంజ్‌కి వెళ్లి అక్కడి అమ్మాయిలు డ్రైవర్ అనే పొడవాటి క్లబ్‌తో ఎంత దూరం కొడుతున్నారో ఒక్కసారి చూస్తే ఆ నామోషీ దానంతటదే పోతుంది.

అన్నిటికంటే ముఖ్యం, బంతి ఎప్పుడు చేతిలోకి తీసుకోవాలన్నది. కొత్తవాడికి ఇది ఓటమిలా అనిపిస్తుంది. అంత సిగ్గుపడాల్సిందేమీ లేదు. 2020లో వచ్చిన ప్రపంచ హ్యాండికాప్ పద్ధతిలో, ఇంకా హ్యాండికాప్ (ఆటగాడి స్థాయి చెప్పే అంకె) రానివాడికి ఏ హోల్‌లోనైనా లెక్కలోకి వచ్చే గరిష్ఠం పార్‌కి ఐదు ఎక్కువ. పార్ 4లో తొమ్మిది. పది కొట్టినా, పదిహేడు కొట్టినా పుస్తకంలో పడేది తొమ్మిదే. కాబట్టి తొమ్మిదిలో అవ్వదని తెలియగానే బంతి తీసి జేబులో వేసుకోవచ్చు. గ్రీన్ దగ్గరకొచ్చాక మాతో పాటు ఒక్క పట్ కొట్టు అంటాను. గుంతలో బంతి పడిన చప్పుడు వినకుండా పద్దెనిమిది హోల్స్ నడిస్తే మనిషి మళ్లీ రాడు.

గ్రీన్ దగ్గర చెప్పేవి రెండే. బ్యాగు తర్వాతి టీ వైపు పెట్టించు, గ్రీన్ ముందు కాదు. ముందు పెడితే పట్ అయ్యాక వెనక్కి నడిచి తెచ్చుకోవాలి, ఆ సేపంతా వెనకవాళ్లు మన వీపు చూస్తూ నిలబడాలి. రెండోది, ఎవరి బంతికీ గుంతకూ మధ్య ఉన్న గీత మీద కాలు పెట్టకు. స్కోరు తర్వాతి టీ దగ్గర రాసుకుందాం. ఇంతే. నీడ పడకూడదు, వెనకాల కదలకూడదు, గుసగుసలాడకూడదు లాంటివన్నీ తర్వాత వాడే నేర్చుకుంటాడు. వాడి నీడ వల్ల నా పట్ పోయిన దాఖలా ఇప్పటిదాకా లేదు.

కోర్సును చూసుకోవడం గురించి ఒక పక్కమాట. బంకర్‌లో, అంటే ఇసుక గుంతలో, అడుగులు రేక్‌తో సర్దడం, పెళ్ల లేచినచోట ఇసుక పోయడం కొత్తవాళ్లకు చెప్పాలి, చెబితే బుద్ధిగా చేస్తారు కూడా. కానీ గ్రీన్ మీద పడే గుంట, పిచ్ మార్క్, కొత్తవాడిది అయ్యే అవకాశం తక్కువ. వాడి బంతి నేల మీద దొర్లుకుంటూ వస్తుంది. ఆకాశం నుంచి దిగి గ్రీన్‌కి గుంట పెట్టేది బాగా ఆడేవాడి బంతే. సరిచేయని ప్రతి పిచ్ మార్క్ ఆట వచ్చినవాడి సంతకం.

దారి ఇవ్వడం

మీ ముందు ఒక హోల్ పూర్తిగా ఖాళీగా ఉండి, వెనకవాళ్లు ప్రతి షాట్‌కీ ఆగుతుంటే దారి ఇవ్వాలి. రెండూ నిజమైతేనే. ముందు కూడా కిక్కిరిసి ఉంటే వెనకవాళ్లను పంపి సాధించేదేమీ లేదు, వాళ్లు వెళ్లి ఇంకో క్యూలో నిలబడతారు. మన చోటు ఎక్కడో తెలుసుకోవడానికి వెనక్కి చూడకూడదు, ముందుకు చూడాలి. "వెనక ఎవరూ లేరు కదా" అనేవాళ్లు ఖాళీ రోడ్డు మీద రెండో గేర్‌లో పోయే రకం.

మేం ఆ రోజు తొమ్మిదో హోల్, ఒక పార్ 3, దగ్గర దారిచ్చాం. అందుకు అంతకంటే మంచి చోటు ఉండదు. టీ దగ్గర పక్కకు జరిగి "ప్లీజ్, మీరు కానివ్వండి" అంటే నలుగురు నాలుగు షాట్లు కొట్టుకుని వెళ్లిపోతారు. మాకు పట్టింది ఏడెనిమిది నిమిషాలు. మా వాడు నీళ్లు తాగాడు, అరటిపండు తిన్నాడు. వాడి భుజాలు కిందికి దిగడం కళ్లారా చూశాను. మర్యాదగా పక్కకు జరగడం వాడికి అవమానమేమో అనుకున్నాను కానీ, వీపు మీద నాలుగు జతల కళ్లు లేకపోవడమే వాడికి కావాల్సింది. తర్వాతి హోల్‌ను జీవితంలో మొదటిసారి ఆరు షాట్లలో ముగించాడు.

దారిచ్చేటప్పుడు చేసే పాత పొరపాటు ఒకటుంది. వెనకవాళ్లకు చేయి ఊపుతాం, వాళ్లు సిద్ధపడతారు, ఈలోపు మన పోయిన బంతి దొరుకుతుంది, వెంటనే మనం ఆడేస్తాం. రెండు గుంపులూ గందరగోళం. ఒకసారి రమ్మన్నాక వాళ్లు దాటేదాకా కదలకూడదు, బంతి బంగారందైనా సరే. దాటి వెళ్లేవాళ్లు కూడా ఆ కాసేపు చకచకా ఆడి, ఒక థ్యాంక్స్ చెప్పి కదలాలి. దారి తీసుకుని, గ్రీన్ మీద తాపీగా కబుర్లు పెట్టుకున్న పెద్దమనుషులను కూడా చూశాను.

వెనక గుంపులో ఉన్నవాళ్లకూ ఒక మాట. ఫెయిర్‌వే మధ్యలో నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడటం వల్ల ముందువాడి స్వింగ్ బాగుపడదు. తొందరపడ్డ స్వింగ్ బంతి పైభాగాన్ని తాకుతుంది, బంతి పదిగజాలు దొర్లుతుంది, ఇంకో షాట్ పెరుగుతుంది. మీ చూపే మీ నిరీక్షణను పెంచుతోంది. వాళ్లకు గుర్తుచేయడానికని దగ్గర్లో పడేలా బంతి కొట్టేవాళ్లుంటారు, అది మాత్రం రౌడీయిజం. మార్షల్‌ని పిలవండి, ఆయన ఉన్నది అందుకే.

ఆ రోజు రెండో తొమ్మిది హోల్స్ క్యాడీ చెప్పినట్టే ఆడాం. ఎవరి బంతి దగ్గరికి వాళ్లు. వాడి వెంట క్యాడీ ఒక్కడే. వెతుకులాటకు మూడు నిమిషాలు, అదీ వాడూ క్యాడీ మాత్రమే, మిగతావాళ్లు ఆడేసి అప్పుడు సాయానికి. మొదటి తొమ్మిదికి రెండు గంటల నలభై నిమిషాలు పడితే, రెండో తొమ్మిదికి రెండు గంటల ఐదు. మా వాడి స్కోరు రెండు సగాల్లోనూ దాదాపు ఒకటే.

కొత్తవాడి బ్యాగు మోసే క్యాడీ మిగతావాళ్ల కంటే ఎక్కువ నడుస్తాడు. కుడి చెట్లలోకి, ఎడమ తుప్పల్లోకి, మళ్లీ కుడికి. అందుకని ఆట అయ్యాక మామూలుగా ఇచ్చేదాని మీద ఇంకో రెండు వందలు పెట్టి ఇవ్వమని మా వాడికి చెవిలో చెప్పాను. డబ్బు జేబులో పెట్టుకుని అతను ఇంకో జేబులోంచి మూడు బంతులు తీశాడు, మట్టి తుడిచి మా వాడి చేతిలో పెట్టాడు. "మీవే సార్. నాలుగో హోల్‌లో ఒకటి, ఆరులో రెండు పోయినాయే, అవి. నడస్తా నడస్తా కనపడినాయి. అప్పుడే చెప్తే మళ్లీ అందరూ వెనక్కి వస్తారని చెప్పలేదు."